టి తరంగం చెప్పగలిగినది, చెప్పలేనిది

ఆత్మకూరు శాసనసభ్యులు, రాష్ట్ర మంత్రి మేకపాటి గౌతమ్ రెడ్డి 2022 ఫిబ్రవరి 21న హైదరాబాదులో గుండె ఆగి హఠాత్తుగా మరణించారు. అప్పటికి ఆయన వయస్సు 50 ఏళ్లు. అంత్యక్రియలు ఉదయగిరిలో జరిగాయి. ఇటువంటి ముప్పును ముందే పసిగట్టలేమా అని మీరు అడగవచ్చు.

హఠాత్తుగా గుండె ఆగడానికి కారణాలు అనేకం. వాటిలో ప్రధానమైనది గుండె విద్యుత్ లయ తప్పడం. ప్రతి స్పందన తరువాత గుండె కండరం విద్యుత్పరంగా తేరుకుంటుంది. ఈసీజీలో దానిని చూపేది టి తరంగం. ఆ తేరుకోవడం స్పందన స్పందనకూ మారుతూ ఉంటే లయభంగానికి అవకాశం పెరుగుతుంది. ఒక స్పందనలో ఎక్కువగా, మరుసటి దానిలో తక్కువగా కనిపించే ఈ మార్పును 1910లోనే థామస్ లూయిస్ వర్ణించారు. కంటికి కనిపించని మైక్రోవోల్టుల మార్పును సైతం కంప్యూటరుతో కొలిచి, దానికీ ప్రమాదకర లయభంగానికీ గల సంబంధాన్ని 1994లో రోజెన్‌బామ్ బృందం చూపింది. ఆశలు పెరిగాయి. కానీ గుండెపోటు అనంతరం ఐసీడీ అమర్చిన రోగులపై జరిగిన మాస్టర్ అధ్యయనంలో, ప్రాణాంతక లయభంగం ఎవరికి వస్తుందో ఈ పరీక్ష తేల్చలేకపోయింది. ఆ ఫలితం 2008లో వెలువడింది.

కనుక ఒక్క అంకెను నమ్మి నిశ్చింతగా ఉండకండి. కుటుంబంలో ఆకస్మిక మరణాలున్నా, కారణం తెలియకుండా స్పృహ తప్పినా వైద్యుని సంప్రదించండి. ఎవరైనా కుప్పకూలి, పిలిచినా పలకక, శ్వాస సరిగా ఆడకుంటే 108కి ఫోన్ చేసి, వెంటనే ఛాతీ నడుమ నిమిషానికి 100 నుంచి 120 సార్లు బలంగా నొక్కండి. మెట్ట ప్రాంతపు ఊరి నుంచి నెల్లూరు చేరేవరకు గుండె ఆగదు. పక్కనున్న మీ చేతులే దానికి తొలి వైద్యం.