షోలాపురపు తెలుగిండ్లలో పొత్తిగుడ్డలు

చరిత్ర యనగానే రాజులు, కోటలు, శాసనములు కన్నులముందు నిలుచుట సహజము. మా షోలాపురపు కోటను గూర్చియు, సిద్ధేశ్వరుని చెరువును గూర్చియు వ్రాయగల పండితులు పలువురు కలరు. మేము మెట్రిక్యులేషను వరకు చదివి, ముప్పదియారేండ్లు లెక్కల పుస్తకములతో గుమాస్తాగిరీ చేసి విరమించినవారము. మాకు తెలిసిన చరిత్ర మా ఇంటి ఇనుపపెట్టెలో నున్నది. ఆ పెట్టెలో అడుగుననున్నవి పసిబిడ్డల పొత్తిగుడ్డలు. సంచికకు ఏదైన వ్రాయుడని సంఘమువారు కోరినప్పుడు, ఆ పెట్టె మూత తెరచుటకంటె మాకు వేరు దారి తోచలేదు. పాఠకులు నవ్వుదురేమో, నవ్వినను మంచిదే.

'పొత్తి' అనగా మెత్తని బట్ట. 'పొత్తులు', 'పొత్తిళ్ళు' అనునవి పసికందును చుట్టిపెట్టు గుడ్డలకు మన భాషలో పూర్వమునుండి యున్న పేర్లు. బైబిలును తెనిగించినవారు సైతము లూకా సువార్తలో పశువుల తొట్టిలో పరుండబెట్టిన శిశువునకు పొత్తిగుడ్డలనే చుట్టిరి. పొత్తిళ్ళలోని బిడ్డ యను పలుకుబడి నేటికిని మన నోట నున్నది గాని, ఆ పొత్తిళ్ళను కన్నులార చూచినవారు మన పిల్లలలో ఎందరు? ఇంగ్లీషువారి 'డయపరు' మాట కథయు ఇట్టిదే. అది మొదట డైమను గడుల నేత గల ఒక నారబట్ట పేరు. ఆ బట్టతో బిడ్డలకు గుడ్డలు చేయగా చేయగా గుడ్డకే ఆ పేరు నిలిచినది. బట్ట పోయి పేరు మిగిలినది. ఇచట మనవారు గర్వింపదగిన మాట యొకటి కలదు. పడమటి దేశములలో పసివారి చొక్కాయిలకును లోపలి దుస్తులకును వాడిన మెత్తని నూలుబట్టకు 'మదపొల్లం' అని పేరు. అది గోదావరి యొడ్డున నరసాపురము చెంతనున్న మాధవాయపాలెము పేరు. 17వ శతాబ్దమున ఇంగ్లీషు కంపెనీవారు అచట వర్తకశాల నెలకొల్పి, ఊరిపేరును బట్టకు తగిలించి సముద్రము దాటించిరి. ఎందరు దొరల బిడ్డలు మన ఊరిపేరు కట్టుకొని పెరిగిరో!

మా పెద్దలు గోదావరి సీమవారు కారు; నిజామురాజ్యపు తెలంగాణము నుండి వచ్చినవారు. 1860లో షోలాపురమునకు రైలు వచ్చెను. 1870ల నడుమ తొలి నూలుమిల్లు వెలసెను. 1876 మొదలు 1878 వరకు దక్కనును పీడించిన మహాక్షామము వెనుక మగ్గమే జీవనాధారముగా గల పద్మశాలీలు కుటుంబములతో కదలివచ్చి, ఈ ఊరి తూర్పుభాగమున గుంటమగ్గములు త్రవ్వుకొనిరి. నాటినుండి నూలిపున్నమనాడు మార్కండేయుని రథము ఊరేగించుట, ఇంట తెలుగు, వీధిలో మరాఠీ మాటాడుట మాకు అలవడెను. మా బాపమ్మ చెప్పెడి మాట యొకటి: మూట కట్టుకొని వచ్చినవారు ఆడుబిడ్డ సారెతోపాటు రెండు పాతచీరలను వేరుగా కట్టుకొని వచ్చెడివారట. అవి పుట్టబోవు బిడ్డలకు.

నేతగాండ్ర యిండ్లలో ఈ వింతను గమనింపుడు. ఎల్లవేళల కొత్తబట్ట నేయుచుండెడివారు, తమ బిడ్డను మాత్రము పాతబట్టలో చుట్టెడివారు. బారసాల వరకు బిడ్డకు కొత్తబట్ట తగులరాదని మా ఇంటి కట్టడి. దీనిని మూఢాచారమని కొట్టివేయుట సులభము. కొత్తబట్టకు గంజి యుండును. పోగు బిరుసుగా నుండి నీటిని వెంటనే పీల్చదు. నూరు ఉతుకులు తిన్న నూలుచీర గంజి వదలి, పోగు విడివడి, తడిని తక్షణమే త్రాగును. బిడ్డ తొడల ఒరిపిడి లేదు. తెల్లనిది లేక వెలసినది వాడుటకును కారణము కలదు. విరేచనము రంగు చూచి బిడ్డ కడుపు స్థితి కనుగొనుట ఆ తల్లులకు తెలియును. నారాయణపేట చీర మెత్తదనమునకు పేరు గన్నది. కాని అంచు బిరుసు కావున దానిని ముందుగా తీసివేయవలెను. చీరను కత్తెరతో కోయువారు కారు. అంచున గాటు పెట్టి చేతితో చింపుదురు. చింపిన బట్ట పోగువెంటనే పోవును గాన, చదరము వంకర పోదు. పడుగు పేకల నెరిగిన చేతులకు ఇది ఒకరు నేర్పవలసిన విద్య కాదు.

ఈ గుడ్డలు ఉతికినవారిని మరచుట న్యాయము కాదు. పల్లెలలో పురిటిగుడ్డలు చాకలి యింటి ఆడువారి పాలివి. మంత్రసాని బిడ్డను చేతబట్టగా, చాకలమ్మ రక్తపు బట్టలను చేతబట్టెను. పుచ్చుకొన్నది చేటెడు గింజలు, ఒక పాత రవిక. ఆ పనికి తగిన కూలి ఏనాడును వారికి ముట్టలేదని మా అభిప్రాయము. షోలాపురపు చాళ్ళలోనికి వచ్చిన వెనుక ఆ బరువు ఇంటి ఆడువారిపైననే పడెను. కుళాయివద్ద వంతు దొరకుట కష్టము. వానకాలమున గుడ్డ లారక కుంపటిపై బుట్ట బోర్లించి, దానిపై ఆరవేసెడివారు. బీడీలు చుట్టు తల్లులు కాలి బొటనవ్రేలికి ఉయ్యాలత్రాడు కట్టుకొని ఊపుచుండెడివారు. బిడ్డ గుడ్డ మార్చుటకు ముందు పొగాకు చేతులను రెండుమార్లు కడుగుకొనుట మేము చిన్ననాట చూచినదే.

మా బాపమ్మ ఏడుగురిని కని, ఇరువురిని పదిదినములలోపల ధనుర్వాతమునకు పోగొట్టుకొన్నది. ధనుర్వాతపు క్రిమి మట్టిలోను పేడలోను ఉండును. బొడ్డు కోసిన మురికి కత్తివలనను, పుండుపై పూసిన పేడవలనను బిడ్డ ఒంటిలో ప్రవేశించును. నాడు ఆ సంగతి తెలియక దృష్టి తగిలెననిరి. పిదప ఒక నర్సమ్మ చెప్పగా, బాపమ్మ పొత్తిగుడ్డలను మరగకాచి, ఎండలో మిడిమిడి ఆరవేయనిదే తాకనిచ్చెడిది కాదు. గుడ్డలు కాచుట మంచిదే కాని, ఆ జబ్బును తరిమినవి ముఖ్యముగా గర్భిణులకిచ్చు టీకాలును, శుభ్రమైన పురుళ్ళును. తల్లులకును నవజాత శిశువులకును వచ్చు ధనుర్వాతమును మన దేశము నిర్మూలించినట్లు 2015లో నిర్ధారింపబడినది. ఆ వార్తను పత్రికలో చదివిననాడు మాకు బాపమ్మ కాగుముందు కూర్చున్న రూపు కన్నులగట్టినది.

రెండవ ప్రపంచయుద్ధకాలమున పాతబట్ట కూడ కరవయ్యెను. 1943లో ప్రభుత్వము నూలుబట్టలపైనను నూలుపైనను కంట్రోలు ఉత్తరువు తెచ్చెను. బట్ట బజారున దొరకనప్పుడు చినిగినదానినే కుట్టుకొని కట్టుకొందురు. ఇక పొత్తిగుడ్డలకు మిగులునదేమి? మా చిన్నాయన 1944లో పుట్టెను. తాత ఇంట నున్నంతసేపు తువాలు చుట్టుకొని, తన రెండు పంచెలలో నొకదానిని బిడ్డ కిచ్చెనట. ఆ పంచె ముక్కలలో నొకటి మేము చూచినాము. నడుమ ఎండకు పట్టి చూచిన సాలెగూడువలె నుండెను.

కుట్టుయంత్రము వచ్చుటతో ఈ గుడ్డల రూపు కొంత మారెను. అంతవరకు చదరపుముక్కను మూలకు మూల మడచి, మూడుమూలలను నడుమువద్ద ముడివేయుటయే. మరాఠీ పొరుగువారి 'లంగోటు'ను చూచి మనవారును తొడలవద్ద వంపు తీసి, నాడాలు కుట్టసాగిరి. 'దుపటె' అను పలుచని దుప్పటిని చేర్చుకొనిరి. బళ్ళారి ప్రక్కల మనవారు 'కౌది' అను బొంతను కన్నడిగులతో పంచుకొన్నట్లు, మద్రాసు ప్రక్కలవారు 'తూళి' అను చీర ఉయ్యాలను అరవవారితో పంచుకొన్నట్లు, ఇదియు ఇచ్చిపుచ్చుకొన్న సొమ్మే. బరంపురము, యానాము సోదరులు తమతమ వాడుకను వేరొక సంచికలో తెలుపుదురు గాక. పిన్నీసును మాత్రము మా ఇంట రానిచ్చెడివారు కారు. 1849లో అమెరికాలో దానికి పేటెంటు పొందిన వాల్టరు హంటు ఆ హక్కును నాలుగువందల డాలర్లకు అమ్ముకొనెనందురు. లోకమునకు లాభమైనది, అయినను కదలెడి బిడ్డ నడుమున సూదిమొన యుంచుటకు మా తల్లులకు మనసొప్పలేదు.

తరువాతి కాలమున షోలాపురము చద్దరులకును టెర్రీ తువాళ్ళకును ప్రసిద్ధి కెక్కెను; ఈ రెండింటికిని భౌగోళిక సూచిక గుర్తింపు దొరకినది. ఇంగ్లండులో తల్లులు టెర్రీబట్టనే బిడ్డలకు కట్టెడివారు. మా పేటలోను నేతలో తప్పు పడిన తువాళ్ళు అమ్మకమునకు పోక ఇంట మిగిలి, రాత్రివేళ గుడ్డలలో లోపొరగా చేరెను. ఊరంతయు నేసిన తువాలు దేశములు తిరుగగా, తప్పుపడినది మా ఉయ్యాలలలో నిలిచినది.

ఇక మా సంగతి. మా ఇల్లాలు 2019లో స్వర్గస్థురాలయ్యెను. 2021లో అమ్మాయి తొలిపురిటికి మా యింటికి వచ్చినది. ఇంట ఆడుదిక్కు లేదు. బజారు డయపర్లు కొనుట చేతగాక కాదు. కొని యుంచితిమి కూడ. 1961లో అమెరికాలో పాంపర్సు వెలువడిన నాటినుండి అవి తల్లులకు నిద్ర నిచ్చిన మాట నిజము. వానిని తిట్టువారిలో మేము చేరము. తిట్టువారిలో పెక్కుమంది ఒక్క గుడ్డయు ఉతికినవారు కారు. అయినను పురిటిపిల్లకు పుట్టింట పొత్తిగుడ్డలు సిద్ధముగా నుండుట ఆచారము. ఆ పని ఇల్లాలిది. ఆమె లేదు గనుక మేమే సూది పట్టితిమి.

ఎదురింటి పెద్దమ్మకు ఎనుబదియేండ్లు దాటినవి. ఆమె మా అరుగుపై కూర్చుండి నేర్పినది. గజము చదరపు ముక్క, రెండు పొరలు, అంచును రెండుమార్లు మడచి దగ్గరదగ్గరగా కుట్టు, మడత బిడ్డ ఒంటివైపు గాక వెలికి రావలెను. ముడి లోపల నుండరాదు. నాడా నూలుదే కావలెను, వ్రేలెడు వెడల్పు తగ్గరాదు. "బిడ్డా, దారం కొస కంటికి కనబడద్దు, చేతికి తాకద్దు" అని ఆమె పదిమార్లు చెప్పెను. ముప్పదియారేండ్లు అంకెలు వ్రాసిన చేయి గదా, కుట్టు సమముగానే వచ్చినది. మాకు కొంత గర్వము కలిగినది. ఆ గర్వముననే కాబోలు, వారమునకు పండ్రెండు కావలెనను తొందరలో కడపటి నాలుగింటికి అంచు ఒక్కమారే మడచితిమి.

చీర సంగతియు చెప్పవలెను. పంచెలు చాలవయ్యెను. పెట్టెలో ఇల్లాలి నారాయణపేట నూలుచీర యున్నది; ఆకుపచ్చనిది, వెలసి తెల్లబడుచున్నది. మేము దానిని తీయగా అమ్మాయి చూచి, "బాపూ, అమ్మ చీర చింపకు. అదొక్కటే మిగిలింది" అని కన్నీరు పెట్టుకొనెను. మేమును తిరిగి మడచి పెట్టితిమి. పెద్దమ్మ ఏమియు అనలేదు.

ఆడుబిడ్డ పుట్టెను. పదునెనిమిదవనాటి రాత్రి బిడ్డ గుక్క తిప్పుకొనక ఏడ్వసాగెను. పాలు పట్టదు, ఎత్తుకొనినను ఊరకుండదు. కడుపునొప్పి యని వాము నీరు తలచువారము తలచితిమి. అమ్మాయి గుడ్డ విప్పి చూడగా, ఎడమకాలి చిటికెనవ్రేలు వాచి నల్లబడుచున్నది. మేము ఒక్క మడతతో కుట్టిన అంచునుండి ఊడిన పోగొకటి వ్రేలికి చుట్టుకొని, తన్నుకొన్నకొలది బిగిసి, చర్మములో దిగి కంటికి కనబడక యున్నది. దీపము పట్టి, సన్నకత్తెరతో దానిని తెంపుటకు మా చేతులు వణకెను, తెంపినది అమ్మాయియే. తెల్లవారి డాక్టరు చూచి, ఇంకను కొన్ని గంటలు గడచిన వ్రేలు దక్కెడిది కాదనెను. పసిపిల్ల ఊరక ఏడ్చునప్పుడు కాలివ్రేళ్ళు, చేతివ్రేళ్ళు విప్పి చూడవలెనని ఆయన చెప్పిన మాటను ఈ సంచిక చదువు ప్రతి యింటికిని చెప్పుచున్నాము. తల్లి తలవెంట్రుకయు ఇట్లే చుట్టుకొనునట.

ఆ నాలుగు గుడ్డలను మేము పొయ్యిలో వేసితిమి. మిగిలినవానిని తిరగవేసి, భూతద్దము పెట్టి చూచి, కొసలన్నియు లోపలికి త్రిప్పితిమి. అట్లు కూర్చుండి కుట్టుచుండగా అమ్మాయి పెట్టె తెరచి, ఆ ఆకుపచ్చ చీరను తెచ్చి మా ఒడిలో పెట్టినది. "ఇది మెత్తగున్నది బాపూ, దీనికి పోగులు ఊడవు" అని మాత్ర మన్నది. అంచున గాటు తానే పెట్టినది. చింపుటకు ఒక కొస తానును, ఒక కొస మేమును పట్టుకొంటిమి. పదునొకండు గుడ్డలు వచ్చినవి.

నేడు మనుమరాలు బడికి పోవుచున్నది. ఎడమకాలి చిటికెనవ్రేలిపై సన్నని గీత యున్నది. చీరగుడ్డలు పదునొకండును ఉతికి, ఎండబెట్టి, వేపాకు నడుమ వేసి పెట్టెలో నుంచితిమి. మా తమ్ముని కోడలికి కార్తికమాసమున పురుడు. ఆరింటిని వారికి పంపుటకు తీసి, అంచులు మరొక్కమారు చూచుచున్నాము.