వాడి–సికింద్రాబాద్ లైన్: మన ఊళ్ల మీదుగా పోయింది, మన కోసం వేసింది కాదు

ఫోన్‌లో మ్యాప్ తెరిచి కుల్కచర్ల అని కొట్టండి. కొంచెం జూమ్ అవుట్ చేయండి. పైన వికారాబాద్, తాండూరు మీదుగా ఒక రైలు లైన్ కనిపిస్తుంది. కింద మహబూబ్‌నగర్ మీదుగా ఇంకోటి. ఈ రెండింటి మధ్య కుల్కచర్ల, పరిగి, కొడంగల్... ఎక్కడా పట్టాలు లేవు. ఈ ఖాళీ ఎందుకుందో అర్థం కావాలంటే పైన ఉన్న లైన్ కథ తెలియాలి. ఇవాళ్టి ఎపిసోడ్ అదే.

1871లో రాయచూర్ దగ్గర బొంబాయి నుంచి వచ్చిన పట్టాలు, మద్రాసు నుంచి వచ్చిన పట్టాలు కలిశాయి. రెండు మహానగరాల మధ్య రైలు తిరగడం మొదలైంది. కానీ ఆ దారి హైదరాబాద్‌కి చాలా దూరంగా పోతుంది. బ్రిటిష్ వాళ్లకు అది పెద్ద సమస్య. ఎందుకంటే సికింద్రాబాద్‌లో వాళ్లకు దేశంలోనే పెద్ద కంటోన్మెంట్లలో ఒకటి ఉంది. 1857 తిరుగుబాటు జరిగి అప్పటికి పద్నాలుగేళ్లే. గొడవ జరిగితే సైన్యం, ఫిరంగులు వెంటనే చేరాలి. అందుకే మెయిన్ లైన్ మీద ఉన్న వాడి నుంచి సికింద్రాబాద్ దాకా రైలు వేయాలని నిజాం ప్రభుత్వం మీద ఒత్తిడి తెచ్చారు. దివాన్ మొదటి సాలార్‌జంగ్ ఒప్పుకోక తప్పలేదు.

1874లో లైన్ మొదలైంది. మొత్తం సుమారు 185 కిలోమీటర్లు. వాడి, చిత్తాపూర్, సేడం, తాండూరు, వికారాబాద్, శంకర్‌పల్లి, సికింద్రాబాద్. “నిజాం వేసిన రైలు” అని మనం అలవాటుగా అంటాం కదా, అప్పటికి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వయసు ఎనిమిదేళ్లు!

ఇక్కడ ఒక ఇంజనీరింగ్ విషయం చూడాలి. ఖర్చు తగ్గుతుందని మీటర్ గేజ్ వైపు చూస్తున్న రోజులవి. ఈ లైన్ మాత్రం 5 అడుగుల 6 అంగుళాల బ్రాడ్ గేజ్‌లో వేశారు. ఎందుకు? బొంబాయి మెయిన్ లైన్ కూడా అదే గేజ్. మీ ఫోన్ చార్జర్ పిన్ లాంటిదే అనుకోండి. పిన్ కలిస్తేనే పని జరుగుతుంది. గేజ్ ఒకటే అయితే బొంబాయిలో ఎక్కించిన ఫిరంగిని వాడిలో దించి వేరే బండికి మార్చే పని లేదు. అంటే ఈ లైన్ ఎవరి అవసరమో గేజ్ చూస్తేనే తెలిసిపోతుంది.

మరి డబ్బులు ఎవరివి? హైదరాబాద్ ఖజానావి. ఆ ఖజానాకి పెద్ద ఆధారం రైతు కట్టే శిస్తు. అంటే రైలు మొహం చూడని ఊళ్ల రైతులు కూడా ఈ రైలుకి డబ్బు కట్టారు.

కథ అక్కడితో ఆగలేదు. 1883లో సాలార్‌జంగ్ చనిపోయారు. అదే ఏడాది లండన్‌లో పెట్టిన ఒక కంపెనీతో ఒప్పందం కుదిరింది. దాని పేరే నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. ఆ “గ్యారంటీడ్” ఏంటో తెలుసా? రైలుకి లాభం వచ్చినా రాకున్నా, పెట్టుబడి పెట్టినవాళ్లకు 20 ఏళ్ల పాటు 5 శాతం వడ్డీ నిజాం ప్రభుత్వం పూచీ. మన స్టార్టప్‌లలో ఇన్వెస్టర్ కనీసం రిస్క్ తీసుకుంటాడు. ఇక్కడ రిస్క్ మొత్తం మనది!

దీన్ని అందరూ చూస్తూ ఊరుకోలేదు. అప్పట్లో చాందా రైల్వే స్కీమ్ అని పిలిచిన ఈ ప్లాన్ మీద హైదరాబాద్‌లో చదువుకున్నవాళ్లు గొంతెత్తారు. వివరాలు బయట పెట్టండి, జనంతో చర్చించండి అన్నారు. వాళ్లలో ముఖ్యుడు అఘోరనాథ్ చటోపాధ్యాయ, సరోజినీ నాయుడు తండ్రి. బదులుగా ఆయన్ని 1883లో రాజ్యం నుంచే బయటికి పంపేశారు. స్కీమ్ ఆగలేదు. 1889కల్లా పట్టాలు బెజవాడ చేరాయి. 1930లో గానీ నిజాం ప్రభుత్వం ఈ రైల్వేని కంపెనీ నుంచి తన చేతుల్లోకి తీసుకోలేదు.

అయితే లైన్ వల్ల మనకేం ఒరగలేదా? ఒరిగింది, అబద్ధం చెప్పకూడదు. తాండూరు నాపరాయి లాంటి బరువైన సరుకు దూరం పోవాలంటే రైలు ఎంత సాయమో చెప్పక్కర్లేదు. తర్వాత బీదర్ వైపు లైన్ చీలి వికారాబాద్ జంక్షన్ అయింది. కానీ ఆ లాభం పట్టాల పక్కన ఉన్న ఊళ్లకే. కుల్కచర్ల లాంటి ఊళ్లు బస్సు పట్టుకునే స్టేషన్‌కి పోవాలి, ఇప్పటికీ.

ఇప్పుడు వికారాబాద్ నుంచి పరిగి, కొడంగల్, నారాయణపేట, మక్తల్ మీదుగా కృష్ణ స్టేషన్ దాకా కొత్త లైన్ ప్రతిపాదన ఉంది. కృష్ణ ఎక్కడుందో చూడండి. రాయచూర్, వాడి మధ్య, అదే పాత ముంబై–చెన్నై లైన్ మీద. 1874లో వాడి దగ్గర కలిసిన లైన్‌కే, ఈసారి కృష్ణ దగ్గర కలుస్తామన్నమాట.

అప్పట్లో అఘోరనాథ్ అడిగింది పెద్ద కోరికేం కాదు, కాగితాలు చూపించమని. ఇవాళ అలా అడిగితే ఎవరూ మనల్ని రాజ్యం దాటించరు. సమాచార హక్కు చట్టం ఉంది. స్టేషన్ ఎక్కడ పెడతారు, ఎవరి పొలం పోతుంది, పరిహారం ఎంత, ప్యాసింజర్ బండి ఆగుతుందా లేక గూడ్స్ మాత్రమే పోతుందా... ఇవన్నీ పట్టాలు పడకముందే అడగాలి. పడ్డాక అడిగితే మనం కూడా కిటికీలోంచి చూసే ఊరే అవుతాం.

ఉంటాను మరి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.