రంధ్రం లేని గోడ

గుండె పాఠంలో మేం చదువుకున్న పేరు ఒకటే. విలియం హార్వే, 1628. తెలుగు మీడియంలో చదివినవాళ్లకూ అదే, ఉర్దూ మీడియంలో చదివినవాళ్లకూ అదే. నబ్జ్ పట్టి చూసే హకీం సాబ్ దగ్గర మాత్రం ఇబ్న్ సీనా పేరు, ఆయన 'ఖానూన్' పేరు వినేవాళ్లం. ఈ ఇద్దరి మధ్య ఒక మనిషి తప్పిపోయాడని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆయన ఇబ్న్ అల్ నఫీస్. 13వ శతాబ్దం మొదట్లో డమాస్కస్ ప్రాంతంలో పుట్టి, అక్కడే వైద్యం నేర్చి, కైరో చేరాడు. షాఫయీ ధర్మశాస్త్రం తెలిసిన పండితుడు కూడా. 1242లో ఖానూన్‌లోని శరీర నిర్మాణ భాగాలకు వ్యాఖ్యానం రాశాడు. వ్యాఖ్యానమంటే గురువు మాటకు తాళం వేయడమని మనకో అలవాటు.

అప్పటికి వెయ్యేళ్లుగా చెల్లుతున్నది గ్రీకు వైద్యుడు గేలెన్ మాట. మావాళ్లు జాలీనూస్ అంటారు. నెత్తురు కాలేయంలో పుట్టి గుండె కుడి గదికి వస్తుంది, మధ్య గోడలోని కంటికి కనిపించని రంధ్రాల గుండా ఎడమ గదిలోకి ఇంకుతుంది, అక్కడ గాలితో కలిసి రూహ్ తయారవుతుంది. ఇబ్న్ సీనా కూడా ఈ దారినే నడిచాడు. ఇబ్న్ అల్ నఫీస్ అడ్డంగా తలూపాడు. గోడ మందంగా ఉంది, కనిపించే రంధ్రమూ లేదు, కనిపించని రంధ్రమూ లేదు. మరి నెత్తురు ఎడమకు ఎలా చేరుతుంది? చుట్టుదారిన. కుడి గది నుంచి పెద్ద నాళంలో ఊపిరితిత్తులకు పోతుంది, అక్కడ గాలితో కలుస్తుంది, మరో నాళంలో ఎడమ గదికి తిరిగొస్తుంది. ఆ రెండు నాళాల నడుమ సన్నని దారులుండాలనీ ఊహించాడు. కప్ప ఊపిరితిత్తుల్లో మాల్పీగీ వాటిని సూక్ష్మదర్శినితో చూసింది 1661లో! గుండెకు తిండి దాని ఒంట్లో పారే నాళాల నుంచే అందుతుందనీ ఇబ్న్ అల్ నఫీస్ రాశాడు.

అంతా మా కితాబుల్లో ముందే ఉందనే జబ్బు ఈ దేశంలో అందరికీ ఉంది. మాకూ ఉంది. అందుకే లెక్క సరిగ్గా చెప్పుకోవాలి. ఆయన చెప్పింది గుండెకూ ఊపిరితిత్తులకూ మధ్య తిరిగే చిన్న చక్రం. నెత్తురు ఒళ్లంతా తిరిగి మళ్లీ గుండెకే వస్తుందని, చేతికి కట్టు కట్టి, లెక్కలు వేసి రుజువు చేసింది హార్వేనే. నెత్తురు ఊపిరితిత్తుల్లో తీసుకునేది ఆక్సిజన్ అని ఇద్దరికీ తెలియదు. శవాన్ని కోయడానికి షరియత్తూ, తన గుండెలోని జాలీ అడ్డొచ్చాయని ఇబ్న్ అల్ నఫీసే రాసుకున్నాడు.

ఐరోపాలో ఈ చిన్న చక్రాన్ని అచ్చులో పెట్టిన సెర్వెటస్‌ను 1553లో జెనీవాలో సజీవంగా కాల్చేశారు. గుండె గురించి రాసినందుకు కాదులెండి, త్రిత్వాన్ని ఒప్పుకోనందుకు. డమాస్కస్ మాట ఆయన చెవిన పడిందా అన్నది ఇప్పటికీ తేలలేదు. తేలనిదాన్ని మేం మా పద్దులో రాసుకోం.

మమ్మల్ని కలవరపెట్టేది వేరే ఉంది. ఖానూన్‌ను నెత్తిన పెట్టుకున్న మేం, దాన్ని కాదన్న పేజీని మరిచిపోయాం. 1924లో జర్మనీలో చదువుకుంటున్న ఈజిప్టు డాక్టర్ ముహియిద్దీన్ తతావీ బెర్లిన్ లైబ్రరీలో ఆ రాతప్రతిని పట్టుకుని, దానిమీద ఫ్రైబర్గ్‌లో పరిశోధన సమర్పించాడు. తర్వాత దాన్ని లోకానికి చాటినవాడు మాక్స్ మేయర్‌హోఫ్, కైరోలో స్థిరపడిన కంటి వైద్యుడు, యూదు కుటుంబంలో పుట్టినవాడు. మా మనిషిని మాకు అప్పజెప్పడానికి ఒక విద్యార్థీ, ఒక యూదూ కావలసి వచ్చారు.

మీరు ఈ దేశానికి ఏమిచ్చారని అడిగినప్పుడల్లా మేం మీనార్లు చూపిస్తాం, కోటలు చూపిస్తాం. ఇబ్న్ అల్ నఫీస్ ఈ నేల మీద అడుగుపెట్టినవాడు కాడు, ఆ జవాబులోకి రాడు. మాలో మేం మాట్లాడుకునేటప్పుడైనా ఆయన్ని తలుచుకుందామంటే ఇంకో ఇబ్బంది. పెద్దలు చెప్పారు కాబట్టి నమ్మండి అనే మా ఇళ్లలో, పెద్దల్ని కాదన్న పెద్దమనిషి ఆయన.

1288లో కైరోలో పోయాడు. ఇల్లూ, పుస్తకాలూ మన్సూరీ దవాఖానాకు రాసిచ్చాడు.