వార్డే తరగతి గదిగా: ‘చైల్డ్ లైఫ్’ విద్యార్థి శిక్షణ – చారిత్రక పరిశీలన

ప్రవేశిక

ఆసుపత్రిలో చేరిన పిల్లల భయాన్ని, ఒంటరితనాన్ని తగ్గించడానికి ఆటను, వయసుకు తగిన వివరణను సాధనాలుగా చేసుకొన్న వృత్తిని అమెరికా, కెనడా దేశాలలో ‘చైల్డ్ లైఫ్’ అని వ్యవహరిస్తారు. ఈ వృత్తిలో విద్యార్థి శిక్షణ ఏ క్రమంలో రూపొందింది, ఆ క్రమంలో విద్యార్థి అనుభవానికి దక్కిన స్థానమేమిటి అన్నవి ఈ వ్యాసంలోని పరిశీలనాంశాలు.

నేపథ్యం

20వ శతాబ్దం పూర్వార్ధంలో పాశ్చాత్య ఆసుపత్రులు తల్లిదండ్రుల రాకపై కఠినమైన ఆంక్షలు విధించాయి. అంటువ్యాధుల భయం అందుకొక ముఖ్య కారణం. ఏడ్చి ఏడ్చి మౌనం వహించిన బిడ్డ కుదుటపడిందని సిబ్బంది భావించేవారు. సంస్థలలో పెరిగే శిశువులపై రెనె స్పిట్జ్ 1945లో ప్రచురించిన అధ్యయనం, ఆసుపత్రిలో చేరిన రెండేళ్ల పాపపై జేమ్స్ రాబర్ట్‌సన్ 1952లో వెలువరించిన చలనచిత్రం ఆ మౌనం వెనుకనున్న దుఃఖాన్ని వెల్లడించాయి. సందర్శన ఆంక్షలను సడలించాలని 1959లో బ్రిటన్‌లోని ప్లాట్ కమిటీ సిఫారసు చేసింది.

ఎమ్మా ప్లాంక్ కృషి

పోలియో వైరస్ పరిశోధనకు 1954లో నోబెల్ బహుమతి పొందినవారిలో ఒకరైన డాక్టర్ ఫ్రెడరిక్ రాబిన్స్ ఆహ్వానంపై, ఎమ్మా ప్లాంక్ 1955లో క్లీవ్‌లాండ్ సిటీ ఆసుపత్రిలో ‘చైల్డ్ లైఫ్’ కార్యక్రమాన్ని ప్రారంభించారు. వియన్నాలో మాంటిస్సోరి పద్ధతిలో శిక్షణ పొందిన ఆమె వైద్యురాలు కారు, ఉపాధ్యాయిని. ఈ విషయం గమనార్హం. బిడ్డను రోగిగా కాక, ఎదుగుతున్న వ్యక్తిగా చూసే దృష్టి ఆ నేపథ్యం నుంచి వచ్చింది. ఆసుపత్రిలో పిల్లలతో పని చేసే తీరుపై ఆమె 1962లో గ్రంథం ప్రచురించారు.

శిక్షణ క్రమబద్ధీకరణ

1965లో ఆసుపత్రులలోని పిల్లల సంరక్షణ కోసం ఒక సంఘం ఏర్పడింది. 1982లో చైల్డ్ లైఫ్ కౌన్సిల్ అవతరించింది. 1986లో వృత్తి ధ్రువీకరణ మొదలైంది, 1998 నుంచి అందుకు రాత పరీక్ష తోడైంది. నేడు ధ్రువీకృత నిపుణుల పర్యవేక్షణలో కనీసం 600 గంటల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. విద్యార్థి మొదట పరిశీలిస్తారు, తరువాత పర్యవేక్షకుల పక్కన ఉండి పని చేస్తారు, చివరికి స్వయంగా బాధ్యత తీసుకుంటారు.

ఈ శిక్షణలో భాషకు ప్రత్యేక స్థానం ఉంది. స్కానింగుకు ముందు ఎక్కించే ‘డై’ అనే ద్రవం పేరు ఇంగ్లీషులో ‘చనిపో’ అనే మాటలాగే వినిపిస్తుంది. ‘నిద్రపుచ్చుతాం’ అంటే, పెంపుడు కుక్కను అదే మాట చెప్పి పశువైద్యుని దగ్గరకు తీసుకువెళ్లడం చూసిన బిడ్డ బెదిరిపోవచ్చు. సూది గుచ్చే ముందు ‘నొప్పే ఉండదు’ అని అబద్ధమాడితే ఆ తరువాత ఏ మాటనూ బిడ్డ నమ్మదు. పాఠ్యగ్రంథం ఈ సూత్రాలను చెప్పగలదు. ఎదురుగా ఉన్న బిడ్డ ముఖం చూసి మాట మార్చుకోవడం మాత్రం వార్డులోనే అలవడుతుంది.

అనుభవం – ఆధారం

శిక్షణలో విద్యార్థులు రాసే దినచర్యలు చరిత్రకారులకు విలువైన ఆధారాలు. అయితే వాటిని చదివేది, విద్యార్థిని అంచనా వేసేది సాధారణంగా ఒకే పర్యవేక్షకులు. బిడ్డ మరణించిన రోజున కలిగిన దుఃఖాన్ని, అసమర్థతా భావాన్ని విద్యార్థి ఎంతవరకు నిస్సంకోచంగా రాయగలరు? కాబట్టి ఆ పుటలలో రాసినదానితోపాటు రాయనిదానిని కూడా పరిగణించవలసి ఉంటుంది.

మరొక అంశం ఆర్థికమైనది. ఇంటర్న్‌షిప్‌లలో అధిక భాగానికి వేతనం ఉండదు. గంటల నియమం నాణ్యతను కాపాడింది. అదే నియమం, నెలల తరబడి జీతం లేకుండా నిలదొక్కుకోలేని విద్యార్థికి అడ్డుగోడ కూడా అయింది. వార్డులోని పిల్లలు అన్ని వర్గాలకు చెందినవారు కాగా, వారి వద్దకు చేరగలిగే శిక్షణార్థుల వర్గం కుంచించుకుపోయే ప్రమాదం ఇందులో ఉంది.

ముగింపు

మౌనంగా ఉన్న బిడ్డ కుదుటపడినట్లు కాదన్న గుర్తింపుతో ఈ వృత్తి పుట్టింది. ఫిర్యాదు లేకుండా గంటలు పూర్తి చేసిన విద్యార్థి విషయంలోనూ ఆ గుర్తింపు వర్తిస్తుంది. శిక్షణ చరిత్రను ధ్రువపత్రాలు, గంటల లెక్కలతోనే రాస్తే ఈ పార్శ్వం మరుగున పడుతుంది.