శాట్‌కు ముందు చివరి నాలుగు వారాలు

అమెరికాలో పదకొండో తరగతి చదివే పిల్లలున్న తెలుగిళ్ళలో శాట్ దగ్గర పడుతోందంటే వాతావరణమే మారిపోతుంది. పాట్‌లక్కులు వాయిదా పడతాయి, డ్యాన్సు క్లాసుకు సెలవు పెట్టేస్తారు, హాల్లో టీవీ మూగబోతుంది. మనం ఎంసెట్ రాసి వచ్చినవాళ్ళం. చివరి నెల అంటే మనకు తెలిసింది ఒకటే, రోజుకో గ్రాండ్ టెస్ట్. కిందటేడు మా అక్క కూడా అదే చేయించింది. తొమ్మిది రోజుల్లో ఐదు మోడల్ పరీక్షలు రాసిన మా మేనకోడలికి ఐదోదాంట్లో మొదటిదానికన్నా తక్కువ వచ్చింది. "మావయ్యా, నాకు అసలు మ్యాథ్స్ రాదేమో" అని ఫోన్ చేసింది. స్కూల్లో ఆ పిల్లకి మ్యాథ్స్‌లో ఎప్పుడూ ఏ గ్రేడే!

ఆ తర్వాత నాలుగు ఆదివారాలు వీడియో కాల్‌లో కూర్చున్నాం. అప్పుడు మాకు ఉపయోగపడినవి, ఈ పరీక్ష గురించి తల్లిదండ్రులు తెలుసుకోవలసినవి ఇక్కడ రాస్తున్నాను.

ముందు పరీక్ష స్వరూపం. శాట్ ఇప్పుడు కంప్యూటర్ మీదే. ఇతర దేశాల్లో 2023 మార్చి నుంచి, అమెరికాలో 2024 మార్చి నుంచి ఈ పద్ధతి వచ్చింది. మొత్తం 98 ప్రశ్నలు, 2 గంటల 14 నిమిషాలు. రీడింగ్ అండ్ రైటింగ్‌లో 27 ప్రశ్నల చొప్పున రెండు మాడ్యూళ్ళు, ఒక్కోదానికి 32 నిమిషాలు. పది నిమిషాల విరామం తర్వాత మ్యాథ్స్‌లో 22 ప్రశ్నల చొప్పున రెండు మాడ్యూళ్ళు, ఒక్కోదానికి 35 నిమిషాలు. ఒక్కో విభాగానికి 800, మొత్తం 1600. తప్పు జవాబుకు మార్కు కోసే పద్ధతి 2016లోనే పోయింది. కాబట్టి ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకూడదు.

మొదటి మాడ్యూల్ ఎలా చేశారన్నదాన్నిబట్టి రెండో మాడ్యూల్ కష్టంగానో తేలిగ్గానో వస్తుంది. 2011 ఆగస్టు తర్వాత జీఆర్‌ఈ రాసినవాళ్ళకు ఇది కొత్త కాదు, అక్కడా సెక్షన్‌ని బట్టి సెక్షన్ మారేది. మొదటి మాడ్యూల్‌లో బాగా తడబడితే రెండోది తేలికది వస్తుంది. దాన్ని ఎంత బాగా చేసినా పై స్కోరు అందదు. మాడ్యూల్ లోపల ముందుకీ వెనక్కీ వెళ్ళొచ్చు గానీ, అది ముగిశాక తిరిగి తెరవడం కుదరదు. అందుకే మొదటి మాడ్యూల్‌లో చివరి ఐదు నిమిషాలు చూసుకోవడానికి మిగిలేలా అలవాటు చేసుకోవాలి.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. మన ఎంసెట్‌లో 160 ప్రశ్నలకు 180 నిమిషాలు, అంటే ప్రశ్నకు దాదాపు 67 సెకన్లు. శాట్ మ్యాథ్స్‌లో ప్రశ్నకు 95 సెకన్లు. మన పిల్లల్లో చాలామందికి మ్యాథ్స్‌లో సమయం చాలకపోవడం కాదు సమస్య, ప్రశ్న సరిగ్గా చదవకపోవడం. మనం మాత్రం పక్కన నిలబడి "త్వరగా, త్వరగా" అంటాం.

ఆ సంగతి మాకు తప్పుల నోటుబుక్కు పెట్టాక తెలిసింది. ఐదు పరీక్షల్లో మ్యాథ్స్‌లో పోయిన ప్రశ్నలన్నీ మళ్ళీ తెరిచి, ప్రతిదాని పక్కన ఒక్క వాక్యం రాయమన్నాను: ఎందుకు తప్పింది? "సిల్లీ మిస్టేక్" అని రాయడానికి వీల్లేదన్నాను. ఆ మాట కింద ఏ కారణమైనా దాక్కుంటుంది. మొదటి రోజు చాలా విసుక్కుంది. తీరా చూస్తే సగానికి పైగా ఒకే రకం. ఎక్స్ విలువ కనుక్కుంది, అడిగింది 3ఎక్స్. నిమిషాల్లో అడిగితే గంటల్లో ఇచ్చింది. పెరిగిన శాతం అడిగితే పెరిగిన మొత్తం రాసింది. నిజంగా రానివి రెండే అధ్యాయాలు, వృత్తాల సమీకరణాలు, ఎక్స్‌పొనెన్షియల్ ఫంక్షన్లు. ఆ రెండూ ఖాన్ అకాడమీలో ఉచితంగా ఉన్న పాఠాలతో వారంలో సర్దుకున్నాయి. మొదటి రకానికి మందు ఏమిటంటే, జవాబు నొక్కేముందు ప్రశ్నలోని చివరి వాక్యం మళ్ళీ చదవడం. అంతే. అది అలవాటు కావడానికి మూడు వారాలు పట్టింది.

కాలేజ్ బోర్డు వారి బ్లూబుక్ యాప్‌లో పూర్తి నిడివి నమూనా పరీక్షలు ఉచితం, కానీ వాటి సంఖ్య పరిమితం. రోజుకొకటి చొప్పున కాల్చేస్తే చివరి వారానికి కొత్తది మిగలదు. వారానికి ఒకటి చాలు, అదీ శనివారం ఉదయం, అసలు పరీక్ష మొదలయ్యే వేళకే. మిగిలిన రోజులు దాని తప్పులకు, ప్రశ్నల బ్యాంకులో అదే రకం ప్రశ్నలకు. ప్రింటు తీసుకునే కాగితం పరీక్షల్లో రెండో మాడ్యూల్ మారదు కాబట్టి వాటి స్కోరును నమ్ముకోకండి.

మ్యాథ్స్ విభాగం మొత్తానికి డెస్మోస్ గ్రాఫింగ్ కాలిక్యులేటర్ యాప్‌లోనే ఉంటుంది. మనకు కాలిక్యులేటర్ అంటే ఏదో నేరం చేసినట్టు! కానీ ఒక పారాబోలా, ఒక సరళరేఖ ఎన్నిచోట్ల కలుస్తాయన్న ప్రశ్నకు గ్రాఫ్ గీసి చూడటం అర నిమిషం పని. చేత్తో చేయమని పట్టుబట్టకండి.

రీడింగ్‌లో ఇప్పుడు పేజీల కొద్దీ పాసేజీలు లేవు. 25 నుంచి 150 పదాల ముక్క, దానికి ఒక్క ప్రశ్న. వరుస స్థిరంగా ఉంటుంది: ముందు పదాల అర్థాలు, తర్వాత అవగాహన, ఆపైన వ్యాకరణం, చివర వాక్యాల మధ్య పొత్తు. నెమ్మదిగా చదివే పిల్లలు వ్యాకరణం నుంచి మొదలుపెట్టి వెనక్కి రావచ్చు. సెమికోలన్, కామా, కర్తకు తగిన క్రియ లాంటి నియమాలు కొన్నే, నాలుగు వారాల్లో పట్టుబడతాయి. చదివే అలవాటు మాత్రం నాలుగు వారాల్లో రాదు, దాని గురించి ఇప్పుడు గొడవ పడి లాభం లేదు.

పరీక్ష ముందు చూసుకోవలసిన చిన్న పనులున్నాయి. గుర్తింపు కార్డు మీద పేరు, రిజిస్ట్రేషన్‌లో పేరు ఒకటే కావాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకలా, స్కూల్లో ఇంకోలా ఉండటం మనవాళ్ళలో మామూలే కాబట్టి ముందే సరిచూసుకోండి. ల్యాప్‌టాప్ లేనివారు కాలేజ్ బోర్డును అడగవచ్చు, కనీసం 30 రోజుల ముందు. చివరి ఐదు రోజుల్లో బ్లూబుక్‌లో ఎగ్జామ్ సెటప్ పూర్తి చేసి అడ్మిషన్ టికెట్ తీసుకోవాలి. ఛార్జర్ తీసుకెళ్ళినా ప్లగ్ దొరుకుతుందని నమ్మకం లేదు, రాత్రే ఫుల్ ఛార్జి పెట్టండి.

అసలు స్కోరు ఎవరికి కావాలో కూడా చూసుకోండి. ఎంఐటీ 2022లో శాట్ లేదా యాక్ట్ మళ్ళీ తప్పనిసరి చేసింది. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లు అడ్మిషన్‌కు ఈ స్కోర్లు చూడవు. చాలా కాలేజీలు రెండుమూడు సార్లు రాసినవాటిలో ఒక్కో విభాగంలో మెరుగైనదాన్ని కలిపి లెక్కిస్తాయి. ఎంసెట్‌లా ఏడాదికి ఒక్కసారి కాదు, ఒక్క ర్యాంకు కాదు.

నా ఎంసెట్‌కు ముందు రెండు వారాలు హాస్టల్లో రాత్రి ఒంటిగంట దాకా కూర్చోబెట్టారు. పరీక్ష రోజు ఒక ప్రశ్న వదిలేసి, ఓఎంఆర్‌లో ఆ గడి వదలడం మరిచిపోయాను. పదకొండు బబుళ్ళు నింపాక చూసుకున్నాను. ఆ సంగతి విన్నాక మా అక్క చివరి వారం రాత్రి పదింటికల్లా లైటు తీసేయించింది. పరీక్షకు రెండు రోజుల ముందు నుంచి కొత్త ప్రశ్న ఒక్కటీ లేదు, తప్పుల నోటుబుక్కు మాత్రమే.

విరామంలో తినమని అక్క డబ్బాలో పులిహోర పెట్టి పంపింది. పిల్ల అరటిపండు తిని డబ్బా అలాగే తెచ్చింది. రెండు వారాలకు స్కోరు వచ్చింది. మ్యాథ్స్ పెరిగింది, రీడింగ్ దాదాపు అక్కడే ఉంది. రీడింగ్ కోసం ఆగస్టులో మళ్ళీ రాసింది, ఈసారి మోడల్ పరీక్షలు మూడే.