ఇన్‌వార్డు సీటు

ఉదయం ఎనిమిదిన్నరకి ఇంకా రెండు నిమిషాలుంది. తహసీల్దారు ఆఫీసు గేటు తీశారు, తలుపులు ఇంకా తీయలేదు. మీరు గొడుగు మెడకీ భుజానికీ మధ్య ఇరికించుకుని, ఆవరణలో కంచె కట్టిన చోట వర్షమాపకం మీదికి వంగి ఉన్నారు. నిజానికి ఇది మీ పని కాదు. గణాంకాలు చూసే ఏఎస్‌వో గారు సెలవులో ఉన్నారు. సెలవులో ఉన్నవాళ్ల పని ఎవరు చూడాలంటే ఈ ఆఫీసులో జవాబు ఎప్పుడూ ఒకటే: కొత్తగా వచ్చిన జూనియర్ అసిస్టెంట్.

గరాటు ఎత్తి పక్కన పెట్టారు. లోపలి సీసాలో నీళ్లు కొలగ్లాసులోకి వంచి, గ్లాసుని కంటికి ఎదురుగా పట్టుకున్నారు. నీటి అంచు గాజుని పట్టుకుని కాస్త పైకి పాకుతుంది. చూడాల్సింది ఆ అంచు కాదు, మధ్యలో దిగి ఉన్న చోటు. ఒక గ్లాసు నిండింది, పారబోసి మళ్లీ పట్టారు, మళ్లీ. అన్నీ కూడితే 62.4 మిల్లీమీటర్లు. వాతావరణ శాఖ లెక్కలో 64.5 వస్తేనే భారీ వర్షం. అంటే రాత్రంతా ఏకధాటిగా దంచిన ఈ వాన కాగితం మీద ఒక మోస్తరు వర్షమే. పెంకుటిళ్లలో తెల్లవార్లూ గిన్నెలు మార్చిన వాళ్ల దగ్గర మాత్రం ఆ మాట అనకండి. నిన్న ఎనిమిదిన్నర నుంచి ఇవాళ ఎనిమిదిన్నర దాకా పడిందంతా ఇవాళ్టి లెక్క. అంకె రిజిస్టర్లో రాసి, జిల్లా వాట్సాప్ గ్రూపులో పెట్టి, తడిసిన చున్నీ పిండుకుంటూ లోపలికి నడిచారు.

ఇది కోనసీమ. జూలై. సోమవారం.

పదిన్నరకి హాజరు రిజిస్టరు డిప్యూటీ తహసీల్దారు గారి బల్ల మీదికి వెళ్లాలి. పది నిమిషాలు వెసులుబాటు, ఆ తర్వాత వచ్చిన వాళ్లది ఆలస్యం. మూడు ఆలస్యాలకి ఒక క్యాజువల్ లీవు పోతుంది. ఏటిగట్టు మీద గుంతల్లో బస్సు ఇరుక్కుందని ఒకాయన ఫోన్ చేశారు. మీరు ఏమీ అనరు. గడియారం వైపు కూడా చూడరు. ఆ చూపు చూసే హక్కు మీ జీతంలో కలపలేదు.

ఈలోపు తపాలు వచ్చింది. రిజిస్టర్డు కవర్లు, కలెక్టరేటు మెమోలు, కోర్టు నోటీసు ఒకటి, ఒక సమాచార హక్కు దరఖాస్తు. ఆఖరిదాన్ని ముందు పక్కన తీసి పెట్టారు. మండల స్థాయిలో దానికి రుసుం అయిదు రూపాయలు, జవాబుకి గడువు 30 రోజులు, ఆ రోజులు మొదలయ్యేది మీరు కొట్టే తేదీ ముద్ర నుంచి. ముద్ర తిప్పి చూస్తే శనివారం తేదీ ఉంది. రబ్బరు చక్రాన్ని గోరుతో రెండు పళ్లు ముందుకి జరిపి, చిత్తు కాగితం మీద ఒకటి కొట్టి చూసుకుని, అప్పుడు దరఖాస్తు మీద కొట్టారు. ఇది ఎవరూ నేర్పరు. తేదీ తప్పిన ముద్ర కింద ఎవరి సంతకం ఇరుక్కుంటుందో ఒకసారి చూస్తే చాలు, వచ్చేస్తుంది.

పదకొండయ్యేసరికి వరండా నిండింది. సోమవారం గ్రీవెన్సు. ప్రభుత్వం మారినప్పుడల్లా దీనికి ఇంకో పేరు వస్తుంది గానీ చెప్పులు విప్పి వరుసలో నిలబడే జనం అదే జనం. మీ పక్కన కుర్రాడు అర్జీలు ఆన్‌లైన్‌లో ఎక్కిస్తున్నాడు, ఫోన్‌కి మెసేజ్ వెళ్తోంది. మీరు కాగితం తీసుకుని ఇన్‌వార్డు రిజిస్టర్లో ఎక్కిస్తున్నారు. వరుస సంఖ్య, తేదీ, ఎవరి నుంచి, విషయం, ఏ సెక్షనుకి.

ఈ గడుల్లో బుర్ర పెట్టాల్సింది ‘విషయం’ ఒక్కదానికే. రెండంగుళాల చోటు. మనిషి చెప్పేది అరగంట కథ: అన్నదమ్ముల తగువు, పెళ్లి ఖర్చు, కరణాల కాలంలో తాత రాయించుకున్న కాగితం. 1984 జనవరిలో కరణాల వ్యవస్థే పోయింది, ఆ కాగితాల మీద తగువులు మాత్రం ఇంకా నడుస్తున్నాయి. ఆ కథంతా విని రెండంగుళాల్లో పడేలా రాయాలి. అదీ ఏడాది తర్వాత, మీరు బదిలీ అయ్యాక, ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి వేలు పెట్టి వెతికితే దొరికేలా. ‘భూమి గురించి’ అని రాస్తే అయిపోతుంది. కానీ తహసీల్దారు ఆఫీసుకి వచ్చేవాటిలో సగం భూమి గురించే. చేపల మార్కెట్లో బుట్ట మీద ‘చేపలు’ అని రాసినట్టుంటుంది.

వరుసలో తరవాతి మనిషి ముసలాయన. లుంగీ మోకాళ్ల దాకా తడిసి ఉంది. ప్లాస్టిక్ కవర్లోంచి మడతలు తీస్తూ కాగితం చాపాడు.

“నంబరేస్తారా అమ్మా?”

“వేస్తాను తాతగారూ, కూర్చోండి. ఏ ఊరు?”

లంక గ్రామం పేరు చెప్పాడు. గోదావరి పాయ దాటి పడవలో వచ్చాడు. అరవై సెంట్ల కొబ్బరి తోట, మూడేళ్లుగా ఏరు కోసుకుపోతోంది. పోయిన వరదకి ఆఖరి చెట్లు కూడా వెళ్లిపోయాయి. పాసుపుస్తకంలో తోట ఉంది, ఫసలీ 1434 అడంగల్లో తోట ఉంది. తోట ఉన్నచోట ఇప్పుడు నావ నడుస్తోంది.

“డబ్బులిస్తారో ఇవ్వరో ఆ దేవుడికెరుక. పోయిందని కాయితమైనా ఇప్పించండమ్మా. పోయినేడూ ఇచ్చేనండి. అడిగితే నంబరు చెప్పమంటారు. నంబరు నా దగ్గరేదండి?”

“పోయినేడు ఎప్పుడు ఇచ్చారు?”

“చవితి ముందండి. పత్రి అమ్ముతున్నారు బజార్లో.”

మీ దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి తేదీలు ఉండవు, పండగలుంటాయి, దుక్కులుంటాయి, వరదలుంటాయి. వాటిని రిజిస్టరు పేజీలుగా మార్చుకోవడం మీ వంతు. పోయినేడు, అంటే 2024లో, వినాయక చవితి సెప్టెంబరు 7న వచ్చింది. దానికి ముందు సోమవారం అనుకుంటే సెప్టెంబరు 2. మీరు ఇవాళ్టి కాగితానికి నంబరు వేసి, విషయం గడిలో ఇలా రాశారు: ‘నదీకోత – లంక భూమి – గ్రామం, సర్వే నంబరు – 0.60 సెంట్లు – విచారణ కోరుతూ’. రాసి చూసుకుని నాలుక కరుచుకున్నారు. 0.60 అంటే ఎకరాలు. ‘సెంట్లు’ కొట్టేసి ‘య’ అని దిద్ది, పక్కన పొట్టి సంతకం పెట్టారు. వైట్‌నర్ ముట్టుకోకూడదు. కొట్టేసింది కూడా చదవడానికి వీలుగా ఉండాలి.

మధ్యాహ్నం దాకా తలెత్తే వీల్లేదు. నడుమ కలెక్టరేటు నుంచి ఫోను, ఏదో స్టేట్‌మెంటు అర్జెంటుగా కావాలట. మండలంలో ఆ రకం కేసులు లేవండీ అన్నారు మీరు. లేవని పంపండి అన్నారు అవతల. పదకొండు గడుల నమూనా తెరిచి అన్నిట్లో ‘శూన్యం’ నింపి, అడుగున మొత్తం దగ్గర కూడా ‘శూన్యం’ పెట్టి పంపారు. మొత్తం గడి ఖాళీగా వదిలేస్తే తిరిగొస్తుంది.

అన్నం తిన్నాక రికార్డు గది. తాళం ఆఫీస్ సబార్డినేట్ గారి దగ్గరుంటుంది. ఆయన సర్వీసు మీ వయసుకంటే ఎక్కువ. గది గోడకి చెమ్మ, అరల్లో గుడ్డ కట్టలు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. తాలూకా నాటి కట్టలు కొన్ని అప్పుడే ఇక్కడికి చేరాయట. వాటి జోలికి వెళ్లక్కర్లేదు. పోయినేడు ఇన్‌వార్డు రిజిస్టరు చాలు. సెప్టెంబరు 2 పేజీలో ‘భూమి గురించి’, ‘భూమి గురించి’, ‘భూసమస్య’, ‘భూమి గురించి’. ఒక్కోదానికి ఎదురుగా పేరు, ఊరు. నాలుగోది ముసలాయనది.

“ఎల్.డిస్ కట్టలో చూడండమ్మా,” అన్నారు ఆఫీస్ సబార్డినేట్ గారు, నిచ్చెన జరుపుతూ.

ఫైలు మూసేటప్పుడు దాని మీద ఒక అక్షరం వేస్తారు. ఆర్.డిస్ అయితే శాశ్వతం. డి.డిస్ అయితే పదేళ్లు. ఎల్.డిస్ అయితే ఏడాది ఉంచి చింపేయొచ్చు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో కట్టిన పద్ధతి ఇది, కోస్తా జిల్లాల ఆఫీసులు ఇంకా అందులోనే ఊపిరి తీస్తున్నాయి. ఏ అక్షరమో నిర్ణయించే సంతకం పై అధికారిదే. కాని ఫైలు అడుగున ‘ఎల్.డిస్ చేయవచ్చును’ అని ముందు రాసి పెట్టేది మీ సీట్లో కూర్చున్న మనిషే. రోజుకి పది ఫైళ్లు మూయాల్సి వస్తే చెయ్యి దానంతటదే ఎల్ మీదికి పోతుంది. పరిశీలనలో పెండింగు తగ్గినట్టు కనపడుతుంది, అందరికీ హాయి.

కట్ట విప్పితే మధ్యలో దొరికింది. ట్యాగుకి గుచ్చిన రెండే కాగితాలు. ఒకటి ఆయన అర్జీ, రెండోది తగిన మార్గంలో దరఖాస్తు చేసుకోవలసిందిగా సూచిస్తూ అర్జీదారుకి రాసిన ఎండార్స్‌మెంటు. వీఆర్వో నివేదిక లేదు, సర్వేయరు కొలత లేదు, అక్టోబరులో మూత. ఇంకో మూడు నెలలు ఆగితే ఇది చించేసే జాబితాలోకి వెళ్లేది. మీరు దుమ్ము దులిపి చంకన పెట్టుకున్నారు.

సీటుకి వచ్చి పర్సనల్ రిజిస్టర్లో కొత్త కేసు ఎక్కించారు. పాత ఫైలు కింద జత చేశారు. నోట్ ఫైలులో ఒకటో పేరా: అర్జీ సారాంశం. రెండో పేరా: ఇదే అర్జీదారు ఇదే విషయమై గతంలో ఇచ్చిన అర్జీపై క్షేత్ర విచారణ జరగలేదు. మూడో పేరా: వీఆర్వో, మండల సర్వేయరుల నుంచి సంయుక్త నివేదిక కోరవచ్చును. చిత్తు మెమో కూడా పెట్టి సీనియర్ అసిస్టెంట్ గారి బల్ల మీద ఉంచారు.

ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోసి చదివారు. రెండో పేరా దగ్గర ఆగారు.

“జరగలేదు అని రాస్తే ముందున్నవాళ్లని అన్నట్టుంటుందమ్మా.”

“ఏం రాయమంటారు సార్?”

“విచారణ నివేదిక ఫైలులో లభ్యం కాలేదు, అని రాయి.”

రాశారు. కాగితం సంగతి కాగితానికి చెబితే ఎవరి మీదా పడదు, పని నడుస్తుంది. కొన్నాళ్లకి ఇది మీకూ అలవాటవుతుంది. అలవాటు కావడం మంచిదో కాదో నాకు ఇప్పటికీ తేలలేదు. తహసీల్దారు గారు ఆకుపచ్చ సిరాతో సంతకం చేసేసరికి నాలుగున్నర.

అప్పటికే ఆఫీసు రంగు మారిపోయింది. కోనసీమ వరదకి కోనసీమ వానతో పని లేదు. నీళ్లొచ్చేది ఎగువ నుంచి: ప్రాణహిత, ఇంద్రావతి, శబరి. భద్రాచలంలో 43 అడుగులు దాటి మొదటి హెచ్చరిక ఇచ్చారన్న సంగతి నిన్ననే తెలుసు. ఇప్పుడు ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులు. అక్కడా మొదటి హెచ్చరిక. 13.75 రెండోది, 17.75 మూడోది. ఈ మూడు అంకెలూ ఇక్కడ బడిపిల్లలకి కూడా నోటికొచ్చు.

కంట్రోలు రూము డ్యూటీ చార్టు టైపు చేసేదీ మీరే. మూడు షిఫ్టులు, ఫోను నంబర్లు, లంక గ్రామాల వారీగా పడవలు, నెలలు నిండిన గర్భిణుల జాబితా, పునరావాసానికి బడులు, వాటి తాళాలు ఎవరి దగ్గరున్నాయో ఆ వివరం. ఈ చివరి గడి ఏ నమూనాలోనూ లేదు. కిందటి వరదకి తాళం దొరక్క జనం బడి గుమ్మంలో తడిశారని ఆఫీస్ సబార్డినేట్ గారు చెబితే మీరు కలిపారు. రాత్రి ఎనిమిది వరకు మొదటి షిఫ్టులో మీ పేరే ఉంది. అదీ మీరే టైపు చేశారు.

ఆరున్నరకి ముసలాయన లంక వీఆర్వో ఫోన్ చేశారు. పడవలు అయిదు సిద్ధంగా ఉన్నాయి, ఇంకొకటికి ఇంజను పాడు. సమయం వేసి లాగ్ బుక్కులో రాసుకున్నారు. తర్వాత మెమో సంగతి చెప్పారు: నదీకోత, సంయుక్త నివేదిక, వారం రోజుల్లో.

“ఏవండీ, ఇప్పుడు కొలిస్తే వరద తీసేసరికి ఆ కొలత ఉంటుందాండీ?” అన్నారాయన. “ఏరు తీశాక సర్వేయరు గారిని పడవెక్కించుకుని తీసుకెళ్తాను. ఎంత మిగిలిందో అప్పుడే తేలుతుంది.”

అదీ నిజమే. పర్సనల్ రిజిస్టరు తీసి, ఆ నంబరు ఎదుట ‘వరద విధుల దృష్ట్యా’ అని రాసి, రిమైండరు తేదీ ఆగస్టు మొదటి వారానికి జరిపారు. డైరీలో ఆ తేదీ పేజీలో కూడా నంబరు వేశారు, మీరు లేకపోయినా ఆ రోజు సీట్లో కూర్చున్నవాళ్లకి కనపడేలా. ఫోను మళ్లీ మోగుతోంది. కలెక్టరేటు. పడవలు ఎన్ని?

“అయిదండీ. ఆరోదానికి మెకానిక్ బయల్దేరాడు.”