జూలై ఒకటిన పుట్టినోళ్ళు

మా అమ్మాయికి ఐదేళ్ళు నిండబోతున్నాయని, పుట్టినరోజు ఎలా చేద్దామా అని రెండు నెలల ముందే మా ఇంట్లో చర్చ మొదలైంది. బెంగుళూరులో ఇప్పుడు పిల్లల పుట్టినరోజంటే థీమ్ ఉండాల్సిందే. మంచు రాకుమారో, డైనోసారో ఒకటి ఎంచుకుంటే గోడలమీద బొమ్మలు, కేకు, పిల్లలకిచ్చే సంచులు అన్నీ దాంతోనే వస్తాయి. ఒకాయన చెప్పిన ప్యాకేజీ ధర విన్నాక నేను కాసేపు మాట్లాడలేదు :-)

ఆ రాత్రి ఊరికి ఫోన్ చేసినప్పుడు మాటల్లో మాటగా అడిగాను. "నాయనా, నీ పుట్టినరోజు ఎప్పుడన్నా చేసినారా?"

"నాకేడిది రా పుట్టినరోజు! జూలై ఒకటి సర్కారోళ్ళ తేదీ. నాది గాదు" అన్నాడు.

నాకు తెలియని సంగతేం కాదు. కానీ ఎందుకలా జరిగిందని ఎప్పుడూ ఆలోచించలేదు. తవ్వుకుంటూ పోతే పుట్టినరోజుకే ఒక చరిత్ర ఉందని తెలిసింది.

మనవాళ్ళకు పుట్టిన తేదీ తెలియదంటే పుట్టుక గుర్తులేదని కాదు. వాళ్ళ లెక్క వేరు. సంవత్సరం పేరు, నెల, తిథి, నక్షత్రం, అంతే. అరవై పేర్లు ఒక చుట్టు తిరిగి మళ్ళీ పుట్టిన సంవత్సరం పేరే వస్తే షష్టిపూర్తి. కరువు వస్తే దానికీ సంవత్సరం పేరే. 1832-33 నాటిది నందన కరువు. 1876లో మొదలై కడప, బళ్ళారి, కర్నూలు జిల్లాలను ఊడ్చేసింది ధాత కరువు. "ధాత కరువప్పుడు చంకలో బిడ్డ" అంటే అదే ఆ మనిషి వయసు. ఇంగ్లీషు తేదీ అడిగితేనే తడబాటు. అందుకే పాత జనాభా లెక్కల్లో వయసులు చూస్తే 30, 35, 40 దగ్గర జనం కుప్పలుగా పోగై ఉంటారు, 37, 41 దగ్గర పలచబడతారు. తోచిన గుండు అంకె చెప్పేవాళ్ళన్నమాట.

చట్టాలు లేక కాదు. కడప జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండగానే, 1899లో, జనన మరణాల నమోదు చట్టం వచ్చింది. ఊళ్ళో రిజిస్టరు ఉండేది. కానీ బిడ్డ పుట్టినప్పటికి పేరు పెట్టి ఉండరు, రాసినా ఎవరూ నకలు తెచ్చుకోరు. దేశమంతటికీ ఒకే చట్టం 1969లో వచ్చింది, చాలా రాష్ట్రాల్లో 1970 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. ఇక 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టినవాళ్ళకైతే బడికైనా పాస్‌పోర్టుకైనా జనన ధ్రువపత్రం ఒక్కటే ఆధారం.

మరి అంతకు ముందు పుట్టినవాళ్ళకు తేదీ ఎవరిచ్చారు? బళ్ళో అయ్యవారు! నా భాషలో చెప్పాలంటే, డేటాబేసులో ఖాళీగా వదలకూడని గడి అది. విలువ తెలియకపోతే డీఫాల్ట్ పడుతుంది. బడి తెరిచేది జూన్‌లో, చేరేది జూలైలో, ఐదేళ్ళు నిండాలి. కాబట్టి ఐదేళ్ళు వెనక్కి పోయి జూలై ఒకటి వేసేయడమే. మీ ఇంట్లో పెద్దవాళ్ళ ఆధార్ కార్డులు తీసి చూడండి, జూలై ఒకటో, జనవరి ఒకటో, జూన్ ఒకటో ఎన్ని కనిపిస్తాయో.

వయసు చూడటానికి ఒక పరీక్ష కూడా ఉండేది. కుడి చెయ్యి తలమీదుగా తెచ్చి ఎడమ చెవి అందుకోవాలి. అందితే బళ్ళోకి, అందకపోతే ఇంటికి.

మా నాయనను 1960 జూలైలో బడికి తీసుకుపోయింది మా జేజి. పల్లె సింహాద్రిపురం దగ్గర. ఆమె కూలికి పోతే పిల్లవాణ్ణి చూసుకునేవాళ్ళు లేరు. నాయన పుట్టింది దుర్ముఖి నామ సంవత్సరం, కృష్ణాష్టమి నాడు. జేజి పోయేదాకా ఈ మాట తప్పలేదు. లెక్క కడితే 1956 ఆగస్టు 28, 29 తేదీలు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడటానికి రెండు నెలల ముందు. అంటే ఆ రోజు నాయనకు నాలుగేళ్ళు కూడా నిండలేదు. చెవి అందలేదట. అయ్యవారు జేజి ముఖం చూసి, "కొంచెం తల వంచురా" అన్నాడట. అందింది. రిజిస్టర్లో 1-7-1955 పడింది.

ఆ పధ్నాలుగు నెలల తేడా ఎక్కడ తేలిందంటే, నాయన ఉద్యోగం చివర్లో. ఆయన ఎలిమెంటరీ బళ్ళో అయ్యవారుగా చేశాడు. అప్పుడు రిటైర్మెంటు 58 ఏళ్ళకు. ఒకటో తేదీన పుట్టినవాళ్ళకు అంతకు ముందు నెలాఖరే ఆఖరి రోజు. అలా 2013 జూన్ 30న దిగిపోయాడు. మన ప్రభుత్వం వయసు 60కి పెంచింది 2014 జూన్‌లో. అసలు తేదీ ఉండుంటే ఆనాటికి ఆయన సర్వీసులోనే ఉండేవాడు, 2016 ఆగస్టు దాకా చేసేవాడు. మూడేళ్ళ రెండు నెలల జీతం! సర్వీసు పుస్తకంలో ఒకసారి ఎక్కిన తేదీ మార్చుకోవడం దాదాపు కాని పని. దుర్ముఖి మళ్ళీ వచ్చింది 2016-17లోనే. అంటే షష్టిపూర్తి, అసలు రిటైర్మెంటు ఒకే నెలలో పడేవి.

ఇదంతా లెక్కగట్టి చెప్పి, "ఆ అయ్యవారి మీద కోపం రాలేదా నాయనా?" అన్నాను.

"కోపమెందుకు? ఆ పొద్దు ఇంటికి పంపించుంటే మళ్ళా బడికి వచ్చేవాన్ని గాదు. గొడ్ల ఎనకాల పోయేవాన్ని. నేను మాత్రం ఎంతమందికి రాయలేదు జూలై ఒకటి? వాళ్ళమ్మలకూ తేదీ తెలీదు. రాస్తే పిలకాయ బళ్ళో ఉంటాడు, అంతే." కాసేపాగి, "వాళ్ళల్లో ఎవురికి ఏం నష్టమైందో" అన్నాడు.

దానికి నా దగ్గర జవాబు లేదు.

ఇక కేకు సంగతి. ఏళ్ళకు తగినన్ని కొవ్వొత్తులు వెలిగించడం జర్మనీ అలవాటు. 1746లో మరియెన్‌బోర్న్‌లో కౌంట్ జిన్‌జెన్‌డార్ఫ్ పుట్టినరోజుకు చేసిన కేకుకు ఆయన వయసుకు సరిపడా కొవ్వొత్తులు గుచ్చారని చూసినవాళ్ళు రాశారు. మనం పాడే హ్యాపీ బర్త్‌డే బాణీ అమెరికాలో హిల్ అక్కచెల్లెళ్ళు 1893లో చిన్నపిల్లల బడి కోసం అచ్చువేసిన పాటది. అసలు అది పుట్టినరోజు పాటే కాదు, బళ్ళో పొద్దున్నే పాడుకునే పలకరింపు. ఆ పాట మీద ఒక కంపెనీ 2015లో కోర్టులో ఓడేదాకా రాయల్టీ వసూలు చేసింది.

మన దేశంలో దీనికంటే పాతది అక్బరు తూకం. ఆయనకు ఏటా రెండు పుట్టినరోజులు, సూర్యమానంలో ఒకటి, చాంద్రమానంలో ఒకటి. అచ్చం మన తారీఖు, తిథి లాగే. సూర్యమానం నాడు బంగారం, పట్టు, నెయ్యి, ఇనుము, ధాన్యం, ఉప్పు లాంటి పన్నెండు రకాలతో తూచి పంచిపెట్టేవారు. రాకుమారులకు రెండో ఏట ఒకే వస్తువుతో మొదలుపెట్టి, ఏడాదికొకటి కలుపుతూ పోయేవారని ఐన్-ఇ-అక్బరీలో ఉంది. మనకు మాత్రం కొత్తా? శ్రీకృష్ణ తులాభారం తెలియని తెలుగువాళ్ళుంటారా! ఉర్దూలో పుట్టినరోజును సాల్‌గిరా అంటారు, అంటే ఏడాది ముడి. దారానికి ఏటా ఒక ముడి వేసేవాళ్ళు.

దాంతో మాకు థీమ్ దొరికేసింది: అయ్యవారి రిజిస్టరు. ఆగస్టులో ఊళ్ళోనే చేశాం. మీరూ చేయాలనుకుంటే ఇదిగో మేం చేసింది.

గుమ్మం దగ్గర నాయన బల్ల వేసుకుని, పొడుగు రిజిస్టరుతో కూర్చున్నాడు. చెవి అందుకున్నవాళ్ళకే ప్రవేశం. అందనివాళ్ళు తల వంచొచ్చు. ప్రతి పిల్లవాడూ ఇంట్లో అడిగి తెలుసుకుని రావాల్సినవి రెండు: తన సంవత్సరం పేరు, ఆ ఏడు ఊళ్ళో జరిగిన ఒక సంగతి. ఒకడు "మా బోరు ఎండిపోయిన ఏడు" అన్నాడు. ధాత కరువు లెక్క ఇంకా పోలేదు! తర్వాత తూకం. మా వైపు చీనీ తోటలెక్కువ కదా, పాప పదిహేడు కిలోలకు సరితూగే చీనీకాయలు పోసి, వీధిలో పిల్లలందరికీ పంచాం. వచ్చే ఏడు చీనీతో పాటు బెల్లం, ఆపై ఏడు సెనక్కాయలు. పసుపుతాడుకు ఐదు ముళ్ళు కూడా పాపే వేసింది. కేకు లేదా అంటే ఉంది, చిన్నది. ఓళిగలే ముందు అయిపోయాయి.

అందరి పేర్లూ ఎక్కాక మా పాప బల్ల దగ్గర నిలబడి, "తాతా, నీది రాయలేదు" అంది.

నాయన అలవాటుగా 1-7-1955 అని రాశాడు. పాప ఊరుకోలేదు. "అది కాదంట కదా, నాన్న చెప్పినాడు." నాయన నా వైపు చూశాడు. "రిజిస్టర్లో కొట్టేయకూడదమ్మా" అంటూనే చివరి గడికి పోయి, రిమార్కులు అన్న చోట చిన్న అక్షరాలతో రాశాడు.

"దుర్ముఖి, శ్రావణ బహుళ అష్టమి. తల్లి చెప్పినది."

కింద సంతకం కూడా పెట్టాడు.

మీ ఇంట్లో జూలై ఒకటిన పుట్టినవాళ్ళు ఎవరైనా ఉంటే ఈ రోజే అడగండి. చెప్పగలిగినవాళ్ళు ఇంకెన్నాళ్ళు ఉంటారో తెలియదు. మా జేజిని నేను అడగాల్సినవి ఇంకా చాలా మిగిలిపోయాయి.